ముల్లంగి ఇత్తనం

గట్టు ఊళ్లో తల్లి సుల్తానాబీ పోయిన నెలకే అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నారు. పెద్దవాడు మహమూద్, బట్టల దుకాణంవాడు, బావి తన వాటాలో పడేటట్టు చూసుకుని చుట్టూ తుమ్మకంప కొట్టించాడు. చిన్నవాడు లాల్ అహ్మద్‌కు దక్కింది తల్లి పెంచిన ముల్లంగి మడి. చుక్క నీళ్లు లేని మడి.

ఇక వాగే దిక్కయింది. ఎండాకాలంలో బిందెతో ఒడ్డెక్కుతూ లాల్ అహ్మద్ భార్య జమీలాబీ జారిపడింది. విరిగిన మణికట్టు వంకరగానే అతికింది. ఆమె ఒంటిచేత్తో రొట్టె చేస్తుంటే లాల్ అహ్మద్ ఆ కంప వైపే చూసేవాడు.

అంతలో దర్గా కాడ మహమూద్ కోతలు చెవిన పడ్డాయి. "పైయేడు ఉర్సు దావత్‌కు ముల్లంగి మా పెరట్ల నుంచే!"

ఇత్తనానికి ఎక్కడికి పోతాడు? తన గడపకే రావాలి, అనుకున్నాడు లాల్ అహ్మద్.

సుల్తానాబీ బాగా ఊరిన గడ్డలే ఏరి, కింది సగం కూరకు కోసుకుని, ఆకున్న పైసగం మళ్లీ నాటి ఇత్తనం పట్టేది. గడ్డ ఊరకముందే పూతకొచ్చిన మొక్కల్ని పీకి మేకకు వేసేది. వాటి గింజ వేస్తే పూతే తప్ప గడ్డ రాదు. దుకాణం గల్లా దగ్గర పెరిగిన మహమూద్‌కు ఇవేం తెలుసు? ఆ యేడు లాల్ అహ్మద్ తన మడికి మంచి ఇత్తనం వేరే దాచుకుని, ముందే పూతకొచ్చిన ఆ మొక్కల్ని కూడా పీకకుండా ఉంచాడు. వాగునీళ్లు మోసి మరీ కాయించాడు.

వానలు వెనకపట్టాక అన్న రానే వచ్చాడు.

"అరే లాల్, అమ్మ ఇత్తనం జర నాకు గూడ ఇయ్యి."

"తీస్కపో భాయ్. నీకు మాత్రం అమ్మ గాదా?"

మహమూద్ మడి ఏపుగా లేచింది. కంప మీదుగా కేకేసేవాడు. "ఏందిరా, నీయి నేలకే అంటుకున్నయ్? నాయి మోకాలెత్తు! నీళ్ల మహిమరా!"

"అవు భాయ్, నీళ్లదే."

జమీలాబీ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకునేది.

ఉర్సు రోజున దావత్‌కు గడ్డలు తీసుకుపోను బండి తోలే భీమన్న గంపలతో మహమూద్ మడికి వచ్చాడు. మడంతా తెల్లటి పూలు. ఒక మొక్క పీకి పైకెత్తాడు. "మహమూద్ సాబ్, ఇది ముల్లంగా, ఎలుకతోకనా? పూలైతే దండిగున్నయ్, దర్గాల సమాధి చాదర్ మీద కప్పుదమా?"

వెంట వచ్చిన దర్గా పెద్దమనుషులు పగలబడి నవ్వారు. దావత్‌కు గడ్డలు లాల్ అహ్మద్ మడి నుంచే పోయాయి.

"కావాలనే చేసినవ్!" మహమూద్ తమ్ముడి గడపలో నిలబడి అరిచాడు.

"చేసిన. జమీలా పరాయిది గాదు, నీ తమ్ముని పెండ్లాం. ఆమె చెయ్యి ఒక్కసారన్న చూసినవా?"

మహమూద్ మొహం తిప్పుకుని పోయాడు. కానీ బజార్లో పిల్లాజెల్లా "ఎలుకతోక సాబ్" అని పిలవడం మొదలయ్యేసరికి కంప తనే పీకించాడు.

"నీళ్లు తోడుకో. మంచి ఇత్తనం ఇయ్యి."

"ఇస్త. కంప మల్ల పడకుంటే, పైయేడు ఇస్త."

లాల్ అహ్మద్ ఇంట్లోంచి బిందె తెచ్చి అన్న చేతిలో పెట్టాడు. "జమీలాకు చేద గుంజ రాదు భాయ్. నువ్వే నింపు."

మహమూద్ పళ్లు నూరుతూ బావిలోకి చేద వదిలాడు.