సన్యాసిరావు పొట్ట

నేను ఒక పొట్టను. మనిషి పొట్టను కాదు, దూది కుక్కి ముతక గుడ్డతో కుట్టిన వేషం పొట్టను. మద్రాసు కోడంబాకంలో మస్తాన్ అనే దర్జీ నన్ను కుట్టి, వెనక నాలుగు తోలు పట్టీలు పెట్టి, వజ్రాల సన్యాసిరావు నడుముకు కట్టాడు.

సన్యాసిరావుది విజయనగరం. నాటకాల్లో రాజవేషాలు కట్టిన మనిషి. సినిమాల్లో మాత్రం ఎముకల గూడులాంటి రాజు ఎవరికీ అక్కర్లేకపోయాడు. నన్ను కట్టుకున్న మొదటి రోజే కథానాయకుడు నా మీద తన్నాడు. సన్యాసిరావు రెండు పల్టీలు కొట్టి లేచి, "అజీర్తి పోయింది బాబూ" అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు. ఆ తర్వాత ఇరవై ఆరేళ్లు, సినిమాల్లోనూ, హైదరాబాదు వచ్చాక టీవీ సీరియళ్లలోనూ ఆయన్ను తన్నని నటుడు లేడు. నేనుంటే జనం ఆయన చుట్టూ మూగేవారు. నన్ను విప్పి కూరగాయల బజారుకు వెళితే ఒక్కరూ తల తిప్పేవారు కాదు.

తన్నులన్నీ నాకే తగులుతాయని లోకం అనుకునేది. సగం ఆయనకు చేరేవి.

చివరి ఏడాది ఆయన అసలు పొట్టలో పుండు పడింది. ఆపరేషన్ చేసి కుట్లు వేశారు. షూటింగువాళ్లకు మాత్రం మేనకోడలి పెళ్లని చెప్పాడు. జబ్బు మనిషిని చూసి జనం నవ్వరని ఆయన భయం. ఇరవయ్యో రోజున భార్య పైడితల్లి చేత మళ్లీ నన్ను కట్టించుకున్నాడు. పట్టీలు చివరి కన్నానికి బిగించినా నేను జారిపోతున్నాను. ఆమె లోపల తువ్వాలు మడిచి పెట్టింది.

"ఈ ఒక్కపాలికి తన్నొద్దని సెప్పరాదేటి?" అంది.

"సెప్తే ఎందుకని అడగరేటి? బిగించు."

ఆ రోజు సీరియల్లో అల్లుడి వేషం వేసే నటుడు మెల్లగా తన్నాడు. "సరిగ్గా తగలాలి" అన్నాడు దర్శకుడు. సన్యాసిరావే ఆ నటుడి భుజం తట్టి, "కొట్టు నాయనా, దూదే కదా" అన్నాడు.

రెండో తన్నుకు పడ్డాడు. పడి, తన డైలాగు అప్పజెప్పాడు. అందరూ నవ్వారు. లేవకపోతే ఇంకా నవ్వారు. ఎంతసేపు పడుకుంటే నవ్వు పెరుగుతుందో ఆయనకు బాగా తెలుసని వాళ్ల నమ్మకం. నాకు మాత్రం లోపలి నుంచి వెచ్చగా తడి తగిలింది. కుట్లు విడిపోయాయి. నేను దూదిని. పీల్చుకోవడం తప్ప నాకేమీ చేతకాదు. అందుకే చొక్కా మీద మరక కనబడేసరికి చాలాసేపైంది.

మూడో రోజున ఆయన ఆసుపత్రిలో పోయాడు. ఆ సన్నివేశం అనుకున్న వారమే ప్రసారమైంది.

దహనమైన నాలుగో రోజు సీరియల్ మేనేజరు శేషగిరి ఇంటికి వచ్చాడు. ఆ వేషానికి వేరే మనిషిని చూశారట. "ఆ పొట్ట ఇప్పించండమ్మా, జనానికి అలవాటైపోయింది" అన్నాడు.

పైడితల్లి నన్ను తెచ్చి చూపించింది. "నాలుగుసార్లు ఉతికినాను బాబూ. నెత్తురు మరక పోనేదు."

"పైన చొక్కా వేస్తాం కదమ్మా, కనపడదు."

ఆమె కత్తెర తెచ్చి అతని ఎదుటే నా కుట్లు కోసింది. శేషగిరి చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. ఆమె దూదిని ముద్దలు ముద్దలుగా పీకి అవతల పోసింది. నల్లగా గట్టిపడిన ముద్దను మాత్రం విడిగా తీసి అస్థికల కుండలో పెట్టింది.

"ఇదీ ఆయనే" అంది, వినేవాళ్లెవరూ లేకపోయినా.

మిగిలిన గుడ్డను నేను. మడత పెడితే వేలెడు మందం కూడా లేను.