మూడు వేళ్ల వెడల్పు

నేను ఒక పాత స్పోర్ట్స్ కారుని. రెండే సీట్లు, పైన కప్పు లేదు. నా బతుకు ఇలా తగలడిందంటే దానికి కారణం గాజువాక టైర్ల కొట్టు జోగినాయుడు. పేరు పెట్టే చెబుతాను, నాకేం భయం?

పరాయి దేశంలో పుట్టాను. సన్నటి టైర్ల మీద, మలుపులో కొంచెం జారి మళ్లీ సర్దుకునేలా నన్ను చేశారు. ఓడలో విశాఖపట్నం దిగాక ఒక షావుకారు కొడుకు, తరవాత ఒక డాక్టరు నన్ను ఊరంతా తిప్పి, మోజు తీరగానే మూల పడేశారు. నా సీట్లో కోళ్లు గుడ్లు పెడుతున్న రోజుల్లో మెకానిక్కు సన్యాసిరావు నన్ను తుక్కు ధరకి కొన్నాడు.

నాలుగేళ్లు నా మీదే పడి ఉన్నాడు. సామాన్ల కోసం తండ్రి ఇచ్చిన జీడితోట తాకట్టు పెట్టాడు. చివరికి పాత కార్లు కూడబెట్టే హైదరాబాదు పెద్దమనిషి ఒకాయన వచ్చి చూసి, నెలలో కొంటానని మాటిచ్చాడు. షరతు ఒక్కటే. పుట్టినప్పుడు ఎలా ఉన్నానో అలాగే ఉండాలి. నన్ను అమ్మితే తోట తాకట్టు విడుతుంది.

ఆ వారమే జోగినాయుడు దిగాడు. సన్యాసిరావు భార్య చినతల్లికి అన్న.

"ఏటి బావా, సింహానికి కోడి కాళ్లెట్టినావు?" అని నవ్వాడు.

మర్నాడు నాలుగు లావు టైర్లు, వాటికి తగ్గ చక్రాలు, పసుపు రాసి బొట్లు పెట్టి ఆటోలో దింపాడు. చెల్లెలికి పుట్టింటి కానుకట. సన్యాసిరావు నసిగాడు.

"ఒద్దనకు బావా. పుట్టింటోళ్లు ఎట్టింది ఎనక్కంపితే సెల్లి మొకం ఎక్కడెట్టుకుంటాది?"

గుమ్మంలో చినతల్లి తల దించుకుంది. అంతే. ఇంజను నంబరు అదే, బాడీ అదే, ఇంకేం మారిందని సన్యాసిరావు తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. తీరా బిగించాక టైర్లు మడ్గార్డు అంచులకి రాసుకున్నాయి. సన్యాసిరావే గ్రైండరు తెచ్చి నాలుగు అంచులూ మూడు వేళ్ల వెడల్పున కోసేశాడు. అరవడానికి నాకు హారనైతే ఉంది గాని, నొక్కాల్సింది అతనే.

పెద్దమనిషి వచ్చాడు. వంగి, కోసిన అంచు మీద వేలు పోనిచ్చాడు. పాత టైర్లు దాచే ఉంచానని, గంటలో మార్చేస్తానని సన్యాసిరావు బతిమాలాడు.

"టైర్లు మారుస్తావయ్యా. అప్పటి రేకు ఎక్కణ్ణించి తెస్తావు?"

ఆయన మళ్లీ రాలేదు. ఊరికే ఎండకి పాడైపోతున్నాయని జోగినాయుడు తన టైర్లు తను విప్పించుకుపోయాడు. ఈసారి చినతల్లి మొహం సంగతి ఎవరూ ఎత్తలేదు. సన్న టైర్లేమో వడ్డీ కింద పోయాయి.

ఇప్పుడు షెడ్డు వెనక ఇటుకల మీద ఉన్నాను. కోళ్లు తిరిగొచ్చాయి. సన్యాసిరావు ఇటువైపు రాడు. గడువు దాటిన మర్నాడే అప్పిచ్చినవాళ్లు తోట చుట్టూ కంచె వేసుకున్నారు.

అరవై రెండు సెంట్లు.