ఐదు బొమ్మలు, ఒకే ముఖం

ముప్పై ఒక్క ఏళ్లు డెంటల్ ల్యాబులో పళ్ల సెట్లు తయారుచేసిన ఆవిడ చేతులు, రిటైరయ్యాక రెండు నెలలు కూడా ఊరుకోలేదు. ఎదురుగా సబ్బు బిళ్ల కనబడితే చాలు, కూర్చుని గోటితో చెక్కేది. మూడో బిళ్లకు కూడా ముక్కూ చెవులూ మొలిచేసరికి భర్త, "నా స్నానానికి ఒక్కటైనా మిగులుస్తావా?" అని, లైబ్రరీ గోడ మీద చూసిన కాగితం సంగతి చెప్పాడు. ప్రతి శనివారం పొద్దున లైబ్రరీ కింది గదిలో, సరదాకి చెక్కబొమ్మలు చెక్కేవాళ్లు కలుస్తారట.

వెళ్లింది. ఎనిమిది మంది ఉన్నారు. పెద్దదిక్కు ఒక మాజీ బ్యాంకు క్యాషియరు. పని నేర్పేది ఆయనే కాబట్టి మాస్టారు అనేవాళ్లు. డిసెంబరులో పై హాల్లో ప్రదర్శన. ఆ ఏడు తలా ఐదు శాంటా తాతలు చెక్కాలని ఆయన హుకుం. జానెడు ఎత్తు, మెత్తటి తెల్ల చెక్క, బొజ్జ, గడ్డం, నవ్వు. నమూనా కాగితాలు కూడా పంచాడు.

నమూనా ఎవరికి కావాలి? బస్సు డ్రైవరు చెక్కిన శాంటా స్టీరింగు పట్టుకుని వెనక్కి తిరిగి ప్రయాణికుల మీద అరుస్తున్నాడు. నర్సు చెక్కినాయన కాలికి కట్టు కట్టించుకుని బల్ల మీద కూర్చున్నాడు. కవల అక్కచెల్లెళ్లు ఒక్క శాంటానే చెరో సగం చెక్కి అతికించారు. ఎడమ బొజ్జకీ కుడి బొజ్జకీ పొత్తు కుదరలేదు.

ఆవిడ మాత్రం నమూనా ప్రకారమే మొదలుపెట్టింది. మైనంలో అర మిల్లీమీటరు తేడా పట్టగల చేతులకు చెక్క ఒక లెక్కా? రెండో శనివారానికే బొమ్మ నిలబడింది. డ్రైవరు వంగి చూశాడు.

"ఎవరండీ ఈయన?"

"ఎవరేమిటి, శాంటాయే కదా."

"శాంటాయే, కాదన్లేదు. కానీ ఇందులో ఎవరో ఉన్నారు. నాకు పెద్ద నోటు ఇచ్చి చిల్లర అడుగుతున్నట్టున్నాడు."

నిజమే. నోరు నవ్వడం లేదు. కింది పెదవి లోపలికి బిగించుకుని ఉంది, ఎదుటివాడి మాట అయ్యాక సమాధానం చెప్పడానికి కాచుకున్నట్టు. కుడి కనుబొమ్మ పైకి లేచి ఉంది. ఆవిడ ఇంకొకటి చెక్కింది. మళ్లీ అదే ముఖం. మూడోదానికి ఆ కనుబొమ్మని చెక్కి తీసేస్తే, ముఖం ఇంకా సన్నబడి, పోలిక ఇంకా పెరిగింది.

ఆ సాయంత్రం బొమ్మను ఇంటికి తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టింది. భర్త చూసి, తాగుతున్న నీళ్ల గ్లాసు దించాడు.

"మా అన్నయ్యని ఎందుకు చెక్కావు?"

ఆవిడకి అప్పుడు వెలిగింది. పన్నెండేళ్ల కిందట బావగారికి పై సెట్టూ కింది సెట్టూ చేసింది తనే. బిగుతుగా ఉందని ఒకసారి, వదులుగా ఉందని ఒకసారి, మొత్తం నాలుగు సార్లు వచ్చాడు. వచ్చినప్పుడల్లా కుడి కనుబొమ్మ ఎగరేసి కూర్చునేవాడు. ఆయన దవడ అచ్చు నెలరోజులు ఆవిడ బల్ల మీదే ఉంది. ఆ ముఖాన్ని కళ్లకంటే వేళ్లే ఎక్కువ నేర్చుకున్నాయి.

"కావాలని కాదండీ. వస్తోంది," అంది.

అన్నదమ్ములకు మాటలు లేక తొమ్మిదేళ్లు. అత్తగారు పోయిన రోజు భర్త రైలింజను మీద డ్యూటీలో ఉన్నాడు. పొద్దున్నే తల్లిని ఆస్పత్రిలో చేర్చినా, అన్నగారు ఇక్కడ ఎవరికీ కబురు చెప్పలేదు. సాయంత్రం భర్త బండి దిగాక చెప్పాడు. అప్పటికి అంతా అయిపోయింది. ఆ రోజు నుంచి ఈయన ఆ గుమ్మం తొక్కలేదు. ఆవిడా, తోడికోడలూ మాత్రం చాటుగా ఫోనులో మాట్లాడుకునేవాళ్లు.

మర్నాడు పొద్దున చూస్తే బొమ్మ ఫ్రిజ్ మీద ఉంది, గోడకి ముఖం పెట్టి. మూడు రోజుల తర్వాత గది వైపు తిరిగి ఉంది. ఆవిడ మిగిలిన రెండూ అలాగే చెక్కేసింది. మాస్టారు గొణిగాడు. "నవ్వని శాంటాని పిల్లలు చూసి దడుచుకుంటారమ్మా."

"ముప్పై ఏళ్లు తెరిచిన నోళ్లే చూశాను మాస్టారూ. ఒక్కడినైనా మూసుకోనివ్వండి."

ప్రదర్శన రోజు హాలు కిటకిటలాడింది. భర్త ఆవిడ బల్ల పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పదకొండు గంటలకు తోడికోడలు వచ్చింది. వెనకాలే బావగారు. ఆయన్ని తీసుకొస్తానని ఫోనులో ఒక్క ముక్క చెప్పలేదు.

బావగారు ఐదు బొమ్మల ముందూ ఆగాడు. కుడి కనుబొమ్మ లేచింది.

"నాకింత గడ్డం ఎప్పుడుందమ్మా?"

"గడ్డం మీది కాదు బావగారూ. తాతది."

"ఒకటి ఇంటికి పట్టుకెళ్దామా?" అన్నాడు భార్యతో, ఒక బొమ్మని చేతిలోకి తీసుకుని.

"ఇంట్లో ఒకడు చాలు," అంది తోడికోడలు.

భర్త కుర్చీలోంచి లేచాడు. పలకరింపూ లేదు, పాడూ లేదు.

"ఆ రోజు పొద్దున్నే ఎందుకు చెప్పలేదు?"

బావగారు చేతిలో బొమ్మని కింద పెట్టాడు.

"అమ్మ వద్దంది. అంబులెన్సులో నా చెయ్యి పట్టుకుని, 'వాడు బండి నడుపుతున్నాడు, వెనక అంతమంది జనం. ఇప్పుడు చెప్పకు, దిగాక చెప్పు' అంది. అప్పటికి మాట బాగానే వస్తోంది. ఇంత తొందరగా పోతుందని నేనూ అనుకోలేదురా."

"తర్వాతైనా చెప్పొచ్చుగా?"

"చెప్పబోయాను. 'నీ మాట ఒక్కటి వినను' అని చెయ్యి విదిలించుకుని పోయావు. సరే, వినకపోతే మానెయ్ అనుకున్నాను. ఏడాది గడిచాక చెబితే, తప్పించుకోడానికి అల్లుకొచ్చానంటావని మానేశాను."

"నాకూ చెప్పలేదు ఈ మాట," అంది తోడికోడలు, మెల్లిగా.

భర్త కుర్చీని అన్న వైపు జరిపి, తను బల్ల అంచుకి ఆనుకున్నాడు. బావగారు కూర్చున్నాడు. ఇద్దరూ ఎదుటి గోడనే చూస్తూ ఉండిపోయారు. ఆవిడకి ఏం చెయ్యాలో తోచక, బొమ్మల కింద రాలిన చెక్క పొడిని చేత్తో ఒక పక్కకి ఊడ్చింది.

అందరూ వేసిన ఓట్లలో మొదటి బహుమతి కవలల శాంటాకి వచ్చింది. ఆవిడ బొమ్మలకి మూడు ఓట్లు పడ్డాయి. అందులో ఒకటి డ్రైవరు వేశాడు, మిగతావి ఎవరివో తెలియలేదు.

తరవాతి ఆదివారం పొద్దున పదింటికి ఫోను మోగింది. భర్త దాన్ని పట్టుకుని బాల్కనీలోకి వెళ్లాడు. లోపల కూరగాయలు తరుగుతున్న ఆవిడకి ఈ పక్క మాటలే వినబడ్డాయి.

"ఆఁ. తిన్నాను... నువ్వు?... మందులు?... ఊఁ."

ఆ తర్వాత మాటలు లేవు. అయినా ఫోను చెవికి అలాగే ఉంది. అవతల కూడా పెట్టెయ్యలేదు కాబోలు. ఆవిడ కూరగాయలు తరగడం అయ్యేవరకూ ఆయన అలాగే నిలబడి ఉన్నాడు.