తొమ్మిది గంటల గాలి

కోల్‌కతా నుంచి హైదరాబాద్‌కి విమానంలో రెండుంపావు గంటలు. అక్కణ్ణించి కలిదిండికి వ్యాన్‌లో ఆరు గంటలు. చేపల చెరువు రైతు అబ్బాయిరాజు ఫోన్‌లో చూసి, రెండూ కలిపి, చేపపిల్లలు పంపే కోల్‌కతా వ్యాపారికి ధీమాగా చెప్పాడు: "సంచుల్లో తొమ్మిది గంటలకి సరిపడా ఆక్సిజన్ కొట్టండి, చాలు. మిగిలిన ఖాళీలో ఇంకాస్త ఎక్కువ పిల్లల్ని వెయ్యండి."

విమానం ఎక్కే ముందు ఆ సంచులు నాలుగు గంటలు పడి ఉంటాయనీ, దిగాక ఇంకో గంట గోడౌన్లో ఆగుతాయనీ ఫోన్ చెప్పలేదు. ఆయనా అడగలేదు.

మధ్యాహ్నం వ్యాన్ చెరువుగట్టెక్కేసరికి పదమూడు గంటలు దాటింది. సంచులన్నీ మెత్తబడిపోయాయి. పిల్లలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. అబ్బాయిరాజు మొదటి సంచి పట్టుకుని మొలలోతు నీళ్ళలోకి దిగి, మూతి కోసెయ్యడానికి కత్తి తీశాడు.

వెనకే దిగిన భార్య వెంకటలక్ష్మి ఆయన మణికట్టు పట్టుకుంది.

"ఏవండీ, చెరువు నీళ్ళు ఎండకి కాగి ఉన్నాయి. సంచిలోవి చల్లగా ఉన్నాయి. ఇలా ఒక్కసారిగా వదిలితే ఒక్కటీ మిగలదు. ఇరవై నిమిషాలు సంచిని తేలనివ్వండి."

"గాలి అయిపోయిందే. అందాకా బతకొద్దూ?"

"మీరు చెప్పిన గాలి నాలుగు గంటల కిందటే అయిపోయిందండి. అయినా అవి ఇంతసేపు ఆగాయి. మీరు ఇరవై నిమిషాలు ఆగలేరా?"

అబ్బాయిరాజు కత్తి ఆవిడ చేతికిచ్చి, సంచి కింద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు.

చాలాసేపటికి, ప్లాస్టిక్ లోపల్నుంచి ఏదో చిన్నగా తోకతో కొట్టింది.