హాల్లో వెలిసిన అమ్మవారు

పేరంటాళ్ళు వచ్చే వేళయినా ఆ బొమ్మ హాల్లో గోడ దిగలేదు.

భార్యకి పెళ్ళిరోజు కానుకని హేమచంద్ర దాన్ని ఆస్ట్రేలియాలో వాళ్ళుండే టూవూంబాలోనే, ఎవరో ఇంట్లో పాత సామాన్లు అమ్మేసే గరాజ్ సేల్‌లో కొని, టీవీ పైన మేకు కొట్టి మరీ తగిలించాడు. ఎప్పటిదో ఫ్రెంచి చిత్రానికి నకలు. గులాబీరంగు మబ్బుల మధ్య భార్యాభర్తలు. రెక్కల పిల్లాడొకడు కాగడా పట్టుకుంటే ఇంకొకడు పూలదండతో ఇద్దర్నీ కలిపి కట్టేస్తున్నాడు. కాళ్ళ దగ్గర కుక్కపిల్ల. అంతా బాగానే ఉంది గానీ, ఆ ఇల్లాలికి నడుము పైన నూలుపోగు లేదు.

"కాగడా అంటే ఆరిపోని ప్రేమ, కుక్క అంటే విశ్వాసం. మొత్తం దాంపత్యమే ఉదయా! యూనివర్సిటీలో ఆర్ట్ వాళ్ళనడిగి కనుక్కున్నా."

"దాంపత్యమైతే మాత్రం వరలక్ష్మీ వ్రతం నాడు అందరి ముందూ ఇలాగా? గరాజ్‌లో పెట్టండి."

"యానివర్సరీ గిఫ్ట్ గరాజ్‌లోనా? నో వే."

బొమ్మ బరువు, ఆయన చెయ్యి వెయ్యందే దిగదు. ఉదయలక్ష్మి వాయనాలకు తెచ్చిన జాకెట్టు గుడ్డల్లోంచి ఎర్రంచు పచ్చదాన్ని ఏరి, కుర్చీ ఎక్కి, ఆ ఇల్లాలి భుజాల మీదుగా గుండుసూదులతో బిగించింది. అంచు వంకరగా వచ్చిందని తీసి మళ్ళీ పెట్టింది.

మొదట వచ్చిన మంగతాయారు ఆంటీ గుమ్మంలోనే ఆగిపోయింది. పచ్చ రవిక, పూలదండ, జ్యోతి, కాళ్ళ దగ్గర వాహనం!

"ఏ అమ్మవారే ఉదయా? నేనెప్పుడూ చూళ్ళేదు."

ఉదయలక్ష్మి నోరు తెరిచేలోగా హేమచంద్ర అందుకున్నాడు. "మొగుడూ పెళ్ళాల్ని విడిపోకుండా కట్టేస్తారు ఆంటీ ఇక్కడ."

"అలా చెప్పు నాయనా! మావాడూ కోడలూ వారం నించీ మాట్లాడుకోవట్లా." ఆంటీ ఫ్రేముకి బొట్టు పెట్టి, చామంతి తురిమి, హారతి పట్టింది. వెనకాల వచ్చినవాళ్ళూ వరసగా కళ్ళకద్దుకున్నారు. "వచ్చే శుక్రవారం వాళ్ళిద్దర్నీ తీసుకొస్తానమ్మా."

అందరూ వెళ్ళగానే హేమచంద్ర సోఫాలో కూలబడి విరగబడి నవ్వాడు. "ఇప్పుడు దింపమను చూద్దాం!"

"హారతి పట్టాక ఎలా దింపుతాం? కళ్ళు పోవూ?"

గెలిచానన్న హుషారుతో ఆయన టీవీలో ఫుటీ మ్యాచ్ పెట్టుకుని చికెన్ వింగ్స్ పెట్టె తెరిచాడు. మరుక్షణం పెట్టె ఉదయలక్ష్మి చేతిలో ఉంది.

"అమ్మవారి ఎదురుగానా? ఇకనించి ఈ హాల్లో నీచు లేదు, బీరు లేదు. ఫుటీ చూడాలంటే స్నానం చేసి రండి. ముందా సాక్సులు తియ్యండి."

హాఫ్ టైమ్ కాకుండానే నిచ్చెన వచ్చింది. బొమ్మ దింపి, రెండు చేతులా పట్టుకుని, దిక్కులు చూశాడు హేమచంద్ర.

"ఎక్కడ పెట్టను మరి?"

"దాంపత్యమన్నారుగా. మన బెడ్‌రూంలో పెట్టండి."

"శుక్రవారం ఆంటీ వస్తే?"

"అమ్మవారికి ఏకాంత సేవ జరుగుతోందని చెప్తాను" అని, ఉదయలక్ష్మి గుండుసూదులు ఒక్కొక్కటే తీసి, జాకెట్టు గుడ్డ మడతపెట్టింది.