ఏరు ఎదురెక్కిన రోజు

నీళ్ల ఆఫీసులో పనిచేసే ఆవిడ రోజూ పొద్దున్నే వంతెన కిందికి దిగి, పరీక్షకని ఏట్లో సీసా ముంచి, మూత బిగించి, తడిసిన చెప్పులు టపటపలాడించుకుంటూ పైకొస్తుంది. అందరూ ఆమెని సీసాలక్క అంటారు.

ఆ ఏడు సీసాలో నీళ్లు ఆకుపచ్చగా వచ్చాయి. దిగువన ఏరు చేరే, ఊరంతా నీళ్లు తాగే జలాశయం మీద నాచు దుప్పటిలా పరుచుకుంది. చేపలు వెల్లకిలా తేలాయి.

"ఇంకెవరు? పాలావిడే!" అన్నారు జనం. ఆమె గేదెల కొట్టం ఏటి ఒడ్డునే, అందరి కళ్లెదుటే ఉంది మరి. చీకటి పడేలోగా గేదెల్ని తోలుకుని ఊరు వదిలిపొమ్మన్నారు పెద్దలు.

"వంతెన దగ్గర ముంచిన సీసాలో ఎగువ పొలాలన్నీ కలిసే ఉంటాయండీ. ఎవరిది ఎంతో ఎలా చెప్పేది?" అంది సీసాలక్క. ఎవరూ చెవిన పెట్టలేదు.

అదే రోజు ఏరు ఎదురెక్కింది. ఏటా వానలకి ముందు ఒక పూట వెనక్కి పారి, తనది కానిదంతా ఎవరిది వాళ్లకి ఇచ్చేసి రావడం దానికి అలవాటే. జనం ఎప్పట్లాగే గట్టు మీద చేరారు. దర్జీకి కత్తెర దొరికింది. పంతులుగారికి పోయినేడు జారిపోయిన కళ్లజోడు దొరికింది. తుడిచి పెట్టుకుని దిగువకి చూశారో లేదో, ఒక్క గావుకేక పెట్టారు.

"అదిగో! నాచు కూడా వస్తోంది!"

ఇంకేముంది, ఊరు ఊరంతా గట్టు వెంట పరుగు. నాచు పాలావిడ కొట్టం దగ్గర ఆగింది. ఓ గంపెడు దించి, మళ్లీ కదిలింది.

"అంతేనా?" అన్నాడు దర్జీ, ఆయాసపడుతూ.

పైన ఏరు రెండు పాయలు. అడవిలోంచి వచ్చే పాయలోకి నాచు తొంగి కూడా చూడలేదు. మొత్తం కొండవాలు వైపు తిరిగింది. అక్కడ చెట్లన్నీ కొట్టేసి, ఏటి అంచు దాకా మొక్కజొన్న వేశారు. ఆ చేను సీసాలక్క అన్నయ్యది.

నాచు గట్టెక్కి, సాళ్లలోకి పాకి, ఎర్రమట్టిగా, తెల్లటి యూరియా గింజలుగా విడిపోయి మొక్కల మొదట్లో కుప్పలు పడింది. అన్నయ్య పిడికెడు తీసి చూసుకున్నాడు.

"ఇంతా నేను చల్లిందేనా?"

"నువ్వు చల్లిందే అన్నయ్యా. మొక్క తిన్నంత తింది. మిగతాది వానకి కొట్టుకుపోయింది. ఆపడానికి మధ్యలో ఒక్క చెట్టయినా ఉంచావా?"

జనం గొల్లున నవ్వారు. ఇంతలో పాలావిడ రొప్పుతూ వచ్చింది. నాలుగు తిట్లు తప్పవనుకుని అన్నయ్య తలొంచుకున్నాడు.

"నా గంపెడు నాదే, కాదనను. పేడ ఇక ఏటి పక్క పోయను," అందామె. "నువ్వు ఈ అంచున పంట మానెయ్. గడ్డి వేద్దాం, వెనక చెట్లు నాటుదాం. కొట్టుకొచ్చేది గడ్డి పట్టుకుంటుంది, గడ్డి కోసి నా గేదెలకి వేస్తాను. ఏమంటావ్?"

"ఇంకేమంటాను తల్లీ!" అంటూ అన్నయ్య అప్పటికప్పుడు అంచు సాళ్లలో మొక్కలు పీకడం మొదలుపెట్టాడు. పెద్దలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వాళ్లలో ఒకాయన గొంతు సవరించుకుని, "అమ్మా, నువ్వెక్కడికీ పోనక్కర్లేదు," అన్నాడు.

పొద్దు వాలుతుండగా ఏరు దిగువకి తిరిగింది. అప్పటికి పాలావిడ మోకాలి లోతు బురదలో నిలబడి, అన్నయ్యని గదమాయిస్తోంది.

"వేళ్లు పైకి పెడతావేంటయ్యా! గడ్డి నాటడం కూడా నేనే నేర్పాలా?"