పూలు మోసిన లాంకాస్టర్

విల్ఫ్ గార్బట్ తన విమానాన్ని వంటింటి బల్ల మీద మూడు చక్రాలపై నిలబెట్టి, చెయ్యి తీశాడు. విమానం ఒక్క క్షణం బుద్ధిగా నిలబడింది. ఆ తర్వాత ముక్కు పైకెత్తి, తోక మీద చతికిలబడింది.

"కొంప మునిగింది," అన్నాడు విల్ఫ్.

ఎనిడ్ పెనం మీద బేకన్ మాంసం ముక్కలు తిరగేస్తూ వెనక్కి చూసింది. "ఇప్పుడేమైందయ్యా?"

"సీసం పెట్టలేదే."

"ఏ సీసం?"

"ముక్కులో పెట్టాల్సిన సీసం! చేపల గాలానికి కడతారే, ఆ గుళ్ళు. అవి పెట్టకుండానే ముక్కు అతికించేశాను."

ముప్ఫై ఏళ్ళుగా బొమ్మ విమానాలు కడుతున్న మనిషి ఈ పని చేశాడంటే, టీ పెట్టి అందులో ఆకు వెయ్యడం మర్చిపోయాడన్నమాట. అసలు లాంకాస్టర్ బాంబరుకి ఈ బాధే లేదు. దానికి తోక కింద చక్రం ఉంటుంది, ఎప్పుడూ తోక దించే నిలబడుతుంది. విల్ఫే పనిగట్టుకుని ఆ చక్రం పీకేసి ముక్కు కింద పెట్టాడు. పూలపెట్టెలు లోపలికి దొర్లించాలంటే విమానం నేల సమంగా ఉండాలట!

అవును, పూలపెట్టెలే. వాళ్ళ క్లబ్బు ప్రదర్శనలో ఏటా 'జరిగుంటే' అని ఒక బల్ల పెడతారు. దాని మీద ఎన్నడూ లేని విమానాలు ఉంటాయి. ఒక్కో దాని పక్కన ఒక్కో కార్డు. అందులో దాని చరిత్ర, నిజంగా జరిగినట్టే, తేదీలతో సహా రాసి ఉండాలి. విల్ఫ్ ఈసారి వేసిన లెక్క ఇదీ: యుద్ధం 1944 క్రిస్మస్‌కే ముగిసింది. బాంబర్లకి పని లేకుండా పోయింది. లింకన్‌షైర్ పొలాల్లో ట్యూలిప్ పూలేమో కుప్పలు తెప్పలు. బాంబులు దించి పూలెక్కించి, ఊరూరా ఆసుపత్రులకు పంపారు.

దానికోసం ఏడు నెలలు కష్టపడ్డాడు మహానుభావుడు. తుపాకుల గూళ్ళు మూడూ కోసేసి, ఆ కంతలకి ప్లాస్టిక్ రేకు అతికించి నున్నగా తోమాడు. ఆ తెల్లటి పొడి ఎనిడ్ కర్టెన్ల నిండా పడింది. తోక చివర పెన్ను మూత. ముందు చక్రం కాడకి ఎనిడ్ అల్లికసూది ఒకటి బలైపోయింది. ఆమె తిడుతూనే భరించింది. ఏటా కార్డు రాసేది కూడా ఆమే, విల్ఫ్ రాత ఆ దేవుడికి కూడా అర్థం కాదు మరి.

"పదకొండుకల్లా హాల్లో ఉండాలి," అంటూ గడియారం వైపు చూశాడు విల్ఫ్. ఎనిమిదిన్నర. "తోక కింద పుల్ల పెట్టి తీసుకెళ్ళానంటే క్లబ్బులో ఆ నెవిల్ చచ్చేదాకా నన్ను పుల్లాయన అనే పిలుస్తాడు."

"పిలవనీ, నీకదే తగును. కోస్తావా లేదా?"

చిన్న రంపంతో అతుకు వెంట కోశాడు. ముక్కు భాగం ఊడి ఎనిడ్ చేతిలోకి వచ్చింది. "జాగ్రత్తగా పట్టుకో, నలపకు," అని సీసం గుళ్ళు వెతకడానికి వెళ్ళాడు విల్ఫ్.

అది అగ్గిపెట్టెకన్నా చిన్నది. ఎనిడ్ కళ్ళజోడు సర్దుకుని, కిటికీ వెలుగులో లోపలికి చూసింది. పైలట్ సీట్లో గోరంత మనిషి కూర్చుని ఉన్నాడు. టోపీ లేదు. ఎర్ర జుట్టు. మెడలో పసుప్పచ్చ మఫ్లరు.

ఆ మఫ్లరు అల్లింది తనే, 1943 చలికాలంలో. వేసుకున్నది సిరిల్, విల్ఫ్‌కి అన్న. పెళ్ళి చేసుకుంటానని తన వేలికి ఉంగరం తొడిగినవాడు. 1945 ఫిబ్రవరిలో లాంకాస్టర్ నడుపుకుంటూ జర్మనీ మీదికి వెళ్ళి తిరిగి రాలేదు. మూడేళ్ళ తర్వాత ఆమె విల్ఫ్‌ని చేసుకుంది. నలభై ఏళ్ళ కాపురంలో సిరిల్ పుట్టినరోజు వస్తే ఇద్దరూ తలుచుకున్నారు గానీ, అతను తిరిగొచ్చి ఉంటే ఏమయ్యేదన్న మాట మాత్రం విల్ఫ్ ఒక్కనాడూ ఎత్తలేదు. ఎనిడ్ కూడా ఎత్తలేదు.

విల్ఫ్ సీసం డబ్బాతో వచ్చి, ఆమె మొహం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అందుకా యుద్ధాన్ని క్రిస్మస్‌కే ఆపేశావు?" అంది ఎనిడ్.

"ఫిబ్రవరికి ముందు ఎక్కడో ఒకచోట ఆపాలి కదే."

బేకన్ మాడుతోంది. ఆమె వెళ్ళి పొయ్యి కట్టేసి వచ్చింది.

"ఆ మఫ్లరు గీతలు దిద్దుతూ దిద్దుతూ సీసం సంగతే మర్చిపోయాను," అన్నాడు విల్ఫ్, నేల చూపులు చూస్తూ. "వాణ్ణి ముసలాణ్ణి చెయ్యాలనిపించింది ఎనిడ్. పూలు మోసి మోసి, నడుం నొప్పి తెచ్చుకుని, పింఛను తీసుకోవాలి వెధవ."

"మరి నేను?"

"అంతదూరం ఆలోచించలేదు."

"అబద్ధాలాడకు."

విల్ఫ్ కుర్చీలో కూలబడ్డాడు. "ఆలోచించాను. వాడొస్తే నువ్వు వాడి భార్యవి. నేను ఆదివారం భోజనానికొచ్చే మరిదిని. అయినా సరే, వాడు బతికుంటే చాలనుకున్నాను. కార్డులో ఆ ముక్క నువ్వే రాయి. నాకు చెయ్యి రాదు."

ఎనిడ్‌కి ఒళ్ళు మండిపోయింది. "ఓహో! నన్నొక మాట అడక్కుండా నన్ను ఇచ్చేశావా? నేనేమైనా నీ విడి ముక్కల డబ్బాలో మిగిలిపోయిన చక్రాన్నా, ఎక్కడ కావాలంటే అక్కడ అతికించడానికి? సీసం పెట్టుకో ముందు. నోరెత్తకుండా పెట్టుకో."

విల్ఫ్ పైలట్ కాళ్ళ కింద గుళ్ళు ఒక్కొక్కటే కూరి, జిగురు పోసి, ముక్కు అతికించి వేళ్ళతో నొక్కిపట్టుకున్నాడు. బల్లకి అటువైపు ఎనిడ్ కార్డూ పెన్నూ తెచ్చుకుని కూర్చుంది. సగం దాకా గబగబా రాసింది. అక్కడ పెన్ను ఆగింది.

సిరిల్‌ని ఆమె ప్రేమించింది, అందులో దాపరికం ఏముంది! ఇరవై ఏళ్ళ పిల్ల గేటు దగ్గర నిలబడి తిరిగొస్తున్న విమానాల చప్పుడు లెక్కపెట్టుకున్న రాత్రులు ఆమెకి ఇవాళ్టికీ గుర్తే. ఆ పిల్లని అడిగితే ఏం రాస్తుందో కూడా తెలుసు. కానీ ఎదురుగా, అతుకు ఊడిపోతుందేమోనని ఊపిరి బిగబట్టి కూర్చున్న ఈ బట్టతలాయన్ని చూస్తే ఆ మాట రాయబుద్ధి కాలేదు. పెన్ను మళ్ళీ కదిలింది.

విమానం ఈసారి మూడు చక్రాల మీదా నిలబడింది. విల్ఫ్ దాన్ని చూసుకోనేలేదు. కార్డు అందుకున్నాడు.

"లాంకాస్టర్, పూల రవాణా విమానం, 1945. పైలట్ సిరిల్ గార్బట్. ముప్ఫై ఏళ్ళు ట్యూలిప్ పూలు చేరవేసి, నడుం నొప్పితో పదవీ విరమణ చేశాడు. హాలండ్‌లో పూల వ్యాపారి కూతుర్ని పెళ్ళాడాడు. ముగ్గురు పిల్లలు, అందరివీ ఎర్ర జుట్టులే. 1948 ఏప్రిల్‌లో ఈ విమానం ఒకే ఒక్కసారి ఆసుపత్రికి కాక చర్చికి పూలు తెచ్చింది. అది పైలట్ తమ్ముడు విల్ఫ్ పెళ్ళి. పెళ్ళికూతురు ఎనిడ్."

విల్ఫ్ రెండోసారి చదివాడు.

"నిజంగా ఇలాగే జరిగేదంటావా?"

"ఏమో, నాకేం తెలుసు? ఇరవై ఏళ్ళ ఎనిడ్ ఏం చేసేదో నేను చెప్పలేను. దాన్నెవరూ కార్డు రాయమనలేదు. అరవై నాలుగేళ్ళదాన్ని, నన్ను రాయమన్నావు. సిరిల్ బతకాలి, నువ్వు నా మొగుడివి కావాలి. నాకు రెండూ కావాలి, రాసుకున్నాను."

విల్ఫ్ జిగురంటిన చేత్తోనే ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఇంకా సిరా ఆరలేదయ్యా," అంది ఎనిడ్, చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోకుండా. "కార్డు బల్ల మీద పెట్టు."